పాపన్న కొన్న తుపాకులు

లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ మీదుగా వరంగల్ వైపు వెళ్లే రైలు దారిలో భువనగిరి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి, ఘన్‌పూర్, కాజీపేట వరసగా వస్తాయి. మూడు వందల ఏళ్ల కింద ఈ దారంతా ఒక్క మనిషి పేరు వింటే వణికింది. ఆలేరు పక్కన కొలనుపాకలో మొఘల్ ఫౌజుదారు ఉండేవాడు. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో పాపన్న కట్టుకున్న కోట గోడలు, బురుజులు ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి. ఘన్‌పూర్ దగ్గరి తాటికొండ గుట్ట మీద ఆయన చివరి పోరాటం జరిగింది. ఐటీ కంపెనీల్లో పనిచేసే, సెంట్రల్ యూనివర్సిటీలో చదివే మన పిల్లలు ఎంతోమంది పండుగ సెలవులకు ఈ దారినే ఊరెళ్తారు. కిటికీలోంచి కనిపించే ఆ గుట్టల చరిత్ర మాత్రం ఏ పాఠ్యపుస్తకమూ వాళ్లకు సరిగా చెప్పలేదు.

సర్దార్ సర్వాయి పాపన్న విగ్రహాలు ఇప్పుడు తెలంగాణలో చాలాచోట్ల కనిపిస్తాయి. ఆగస్టు 18న ప్రభుత్వమే అధికారికంగా జయంతి జరుపుతోంది. ఆ విగ్రహాల్లో ఆయన చేతిలో ఉండేది కత్తి. రాజు అనగానే మన కళ్లకు అలవాటైన బొమ్మ అది. కానీ ఆయన శత్రువుల పక్షాన నిలబడి చరిత్ర రాసిన మొఘల్ రచయిత ఖాఫీఖాన్ నమోదు చేసిన సంగతి వేరు. పాపన్న డచ్, ఇంగ్లీషు వర్తకుల దగ్గర తుపాకులు కొన్నాడు. ఒకటీ అరా కాదు, ఏడు వందలు. పాపన్న జీవితాన్ని ఆ తుపాకుల వైపు నుంచి చూస్తే, కులం గురించీ ఆయుధం గురించీ మనం తేల్చుకోవాల్సిన ప్రశ్నలు చాలా బయటపడతాయి.

కులవృత్తి వద్దన్నవాడు

పాపన్న కల్లుగీత కులంలో పుట్టాడు. మోకు, ముత్తాదు, గీత కత్తి, లొట్టి: తాత తండ్రుల నుంచి వచ్చిన ఆస్తి అదే. రోజుకు రెండు పూటలా తాడెక్కి దిగాలి. కాలు జారితే ప్రాణం పోతుంది. గీసిన కల్లు మీద పన్ను కట్టాలి. జనం పాడుకునే కథలో తల్లి కొడుకును కులవృత్తి వదలొద్దని బతిమాలుతుంది. కొడుకు వినడు. ఏ పని చేసుకుని బతకాలో పుట్టుకే నిర్ణయించే సమాజంలో, ఆ పని నాకొద్దు అనడమే మొదటి తిరుగుబాటు.

అది ఎలాంటి కాలమో కూడా చూడాలి. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను పట్టుకుంది. కుతుబ్‌షాహీ పాలన ముగిసింది. కొత్త పాలకులకు ఈ నేలా తెలియదు, ఈ మనుషులూ తెలియరు. పన్నులు మాత్రం ఆగలేదు. పాత సైనికులకు కొలువులు పోయాయి. ఊళ్లలో జమీందార్లు ఎవరికి వారే రాజులయ్యారు. ఇలాంటి సందుల్లోంచే కింది కులాల మనిషి పైకి రావడానికి దారి దొరికింది.

మొదటి అడుగు గొప్పదేమీ కాదు. భర్త చనిపోయిన సొంత అక్క దగ్గరున్న సొమ్మూ నగలూ దోచి, ఆ డబ్బుతో మనుషుల్ని కూడగట్టాడని ఖాఫీఖాన్ రాశాడు. తాటికొండ మీద చిన్న కోట కట్టుకుని బాటసారులనూ వర్తకులనూ కొల్లగొట్టాడు. ఫౌజుదార్లు తరిమితే కౌలాస్ వెళ్లి అక్కడి జమీందారు వెంకట్రావు దగ్గర కొలువులో చేరాడు. అక్కడా దోపిడీ మానలేదు. జైల్లో పడ్డాడు. జమీందారు కొడుక్కు జబ్బు చేస్తే, ఖైదీలను వదిలిపెడితే పుణ్యం వచ్చి బిడ్డ బతుకుతాడని ఆ తల్లి అందరినీ విడిపించింది. వాళ్లలో పాపన్న కూడా బయటికొచ్చాడు.

షాపూర్ కోట

విడుదలయ్యాక పాపన్న షాపూర్ చేరాడు. ఇప్పటి ఖిలాషాపూర్ అదే. సర్వ అనే సహచరుడితో కలిసి అక్కడ కోట కట్టాడు. చుట్టుపక్కల ధనికులు, జమీందార్లు, మొఘల్ అధికారులు గోల్కొండ సుబేదారుకు మొరపెట్టుకున్నారు. అణచడానికి వెళ్లిన కొలనుపాక ఫౌజుదారు ఖాసింఖాన్ ఆ పోరులోనే చనిపోయాడు. తర్వాత రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు ముట్టడించాడు. పాపన్న తప్పించుకున్నాడు. మొఘలులు కోటను పేల్చేసి వెళ్లిపోయారు.

వాళ్లు అటు పోగానే పాపన్న ఇటు తిరిగొచ్చాడు. ఈసారి రాతితో, సున్నంతో అంతకంటే గట్టి కోట కట్టాడు. కొంతకాలానికి సర్వ, పాపన్న దళంలోనే ఉన్న పుర్దిల్ ఖాన్‌తో ద్వంద్వ యుద్ధానికి దిగాడు. అందులో ఇద్దరూ చనిపోయారు. ఆ తర్వాత పాపన్న ఒక్కడే నాయకుడు. రుస్తుం దిల్ ఖాన్ మళ్లీ వచ్చాడు, మళ్లీ నెలల తరబడి ముట్టడించాడు. చివరికి సొమ్ము పుచ్చుకుని వెనక్కి మళ్లాడు. సామ్రాజ్యం అంటే ఏమిటో పాపన్నకు అక్కడ బాగా అర్థమై ఉండాలి.

ఆయన వెంట నడిచింది ఎవరు? పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాడు బాయిల్ సేకరించిన పాపన్న పాటలో అనుచరుల పేర్లున్నాయి. అందులో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి కులాల వాళ్లున్నారు. ఎరుకల, యానాది, జక్కుల మనుషులున్నారు. దూదేకుల పీర్, హసన్, హుసేన్ లాంటి ముస్లింలున్నారు. ఊళ్లో ఒకే బంతిలో కూర్చోని మనుషులు ఒకే కోటలో నిలబడ్డారు. పాపన్నను మొఘలుల మీద పోరాడిన హిందూ వీరుడిగా మార్చాలని చూసేవాళ్లకు ఈ జాబితా మింగుడుపడదు. పాపన్న మీద ఫిర్యాదులు మోసినవాళ్లలో హిందూ భూస్వాములూ ఉన్నారు, ముస్లిం పెద్దలూ ఉన్నారు. ఆయన పక్కన నిలబడ్డవాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. గీత మతం దగ్గర పడలేదు.

మొహర్రం నాటి వరంగల్

1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకుల మధ్య సింహాసనం కోసం కొట్లాట మొదలైంది. హైదరాబాద్ కామ్‌బక్ష్ చేతికి వచ్చింది. ఎవరి పాలనో ఎవరికీ తెలియని ఆ రోజుల్లో, 1708 ఏప్రిల్ మొదట్లో, మొహర్రం పీర్ల పండుగ వేళ పాపన్న వరంగల్ మీద పడ్డాడు. రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలు ఆయన వెంట ఉన్నాయి. కొందరు దారులు మూశారు. కొందరు తాళ్లు వేసి కోట గోడలెక్కారు. రోజూ మోకు కట్టి తాళ్లెక్కే కులంలో పుట్టినవాడికి గోడ ఎక్కే ఉపాయం ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండు మూడు రోజులు నగరం ఆయన చేతుల్లో ఉంది. వరంగల్ అప్పటికే తివాచీలకు పేరున్న ఊరు. డబ్బు, బట్ట, తివాచీలు మోసుకెళ్లారు. వాటితోపాటు మనుషుల్నీ తీసుకెళ్లారు. ధనిక కుటుంబాల స్త్రీలను, పిల్లలను వేల సంఖ్యలో చెరబట్టారు. నగర ఖాజీ భార్య, చిన్న కూతురు కూడా అందులో ఉన్నారు. రెండు నెలలకు భువనగిరి మీదా ఇలాంటి దాడే జరిగింది.

ఈ భాగాన్ని దాచి పాపన్న కథ చెప్పడం మనకు అక్కర్లేదు. ఆధిపత్య కులాల రాజులు ఆడవాళ్లను చెరబడితే తప్పని చెప్పే మనం, మనవాడు చేస్తే మౌనంగా ఉండలేం. అలాగే ఎద్దుల మీద సరుకు మోసి బతికే బంజారాల దగ్గర వేల పశువులను లాక్కుని తన పొలాలకు తోలుకున్నాడు. ఆ దెబ్బ దర్బారుకు తగల్లేదు, సంచార జాతి కడుపు మీద తగిలింది.

ఏడు వందల తుపాకులు

దాడుల్లో వచ్చిన సొమ్ముతో పాపన్న చేసిన పెద్ద కొనుగోలు జంట గొట్టాల తుపాకులు. అమ్మింది డచ్, ఇంగ్లీషు కంపెనీల వాళ్లు. పదిహేడో శతాబ్దం తొలినాళ్ల నుంచే ఈ రెండు కంపెనీలకూ మచిలీపట్నంలో కోఠీలున్నాయి. మచిలీపట్నం నుంచి గోల్కొండకు పెద్ద బాట ఉండేది. వజ్రాలు, కలంకారీ బట్టలు ఒక వైపు, వెండి, రాగి, ఆయుధాలు ఇంకో వైపు ఆ దారిన నడిచేవి. వర్తకుడికి కులం పట్టింపు లేదని దీనికి అర్థం కాదు. రొక్కం ఎవరి దగ్గరుంటే సరుకు వాడికి. మొఘల్ సుబేదారు కూడా సొమ్ము పుచ్చుకునే కదా ముట్టడి ఎత్తేశాడు!

అప్పటి తుపాకీ ఎలా పనిచేసేదో తెలిస్తే ఈ కొనుగోలు విలువ తెలుస్తుంది. ఇప్పటి రైఫిల్ గొట్టం లోపల మెలికల గాళ్లుంటాయి. గుండు తిరుగుతూ నేరుగా పోతుంది. అప్పటి తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉండేది. కొలిచిన మందు గొట్టం మూతిలోంచి పోయాలి. దాని మీద సీసం గుండు వేయాలి. గుడ్డపీలికో కాగితమో పెట్టి ఇనుప కడ్డీతో కూరాలి. పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు మందు వేయాలి. పాత రకంలో దానికి మండుతున్న ఒత్తి తగిలించేవాళ్లు. వానొస్తే ఒత్తి ఆరిపోయేది. రాత్రిపూట ఆ నిప్పే శత్రువుకు జాడ చెప్పేది. ఐరోపా సైన్యాలు సరిగ్గా ఆ కాలంలోనే చెకుముకి రాయి తుపాకీకి మారుతున్నాయి. అందులో మీట నొక్కితే రాయి ఉక్కు రేకును కొట్టి నిప్పురవ్వ పుట్టిస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో మన ఊళ్లవాళ్లు పట్టిన భర్మారు కూడా మూతిలోంచి మందు కూరే తుపాకే.

ఒకసారి పేల్చాక మళ్లీ నింపడానికి నేర్చిన చేతికి కూడా అర నిమిషం దాకా పడుతుంది. ఆ అర నిమిషంలో గుర్రపు రౌతు మీదికొచ్చి కత్తి దూస్తాడు. జంట గొట్టాలుంటే రెండో గుండు సిద్ధంగా ఉంటుంది. గుర్రాలు తక్కువ, కాల్బలం ఎక్కువ ఉన్న పాపన్న లాంటివాడికి ఆ రెండో గుండు ఒక చిన్న అశ్వదళంతో సమానం.

గురి సంగతికొస్తే, నున్నని గొట్టం తుపాకీతో వంద గజాలు దాటితే దైవాధీనమే. అందుకే ఒక్కడు పేలిస్తే లాభం లేదు. పదిమంది వరసలో నిలబడి ఒక్కసారి పేల్చాలి. నేర్చుకోవాల్సింది గురి కంటే ముందు క్రమం: మందు కొలత తప్పకూడదు, తడవకూడదు, మొహం దగ్గర మంట లేచినా కళ్లు మూయకూడదు, ఆజ్ఞ వచ్చేదాకా వేలు కదలకూడదు. ఇవన్నీ వారాల్లో పట్టుబడే విద్యలు. గుర్రపు స్వారీ, విల్లు, కత్తిసాము అలా కాదు. చిన్నతనం నుంచి సాధన కావాలి, గుర్రాన్ని మేపే స్తోమత కావాలి, నేర్పే గురువు కావాలి. అవి ఉన్న ఇంట్లో పుట్టాలి. యుద్ధవిద్య కొన్ని కులాల సొత్తుగా ఉండిపోవడానికి కారణం రక్తంలో లేదు, ఆ ఖర్చులో, ఆ తీరికలో ఉంది.

తుపాకీ ఆ గోడకు కన్నం పెట్టింది. చక్రం తిప్పే కుమ్మరికి, బద్ద చీల్చే మేదరికి, తాడు చెట్టు మీద నిలబడి మట్ట గీసే గౌడుకు చేతి నిలకడ ముందే ఉంది. వాళ్ల వేలు మీట నొక్కితే వచ్చే గుండు క్షత్రియుడి గుండుకంటే మెల్లగా పోదు. మొఘల్ రచయిత పాపన్న పేరు రాసిన ప్రతిచోటా కనిపించే కోపానికి దోపిడీ ఒక్కటే కారణం కాదు. దోపిడీ సుబేదార్లూ చేశారు. కల్లు గీసేవాడు పల్లకీ ఎక్కి, చుట్టూ తుపాకీ దళాన్ని నడిపించుకుని రాజులా కదలడం ఆ వర్గానికి తట్టుకోలేని దృశ్యం.

దర్బారులో ఒకరోజు

జనం నోట పాపన్న గోల్కొండను గెలిచాడన్న కథ ఉంది. లింగంపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఆ కోట మీద మనవాడి జెండా ఎగిరిందన్న మాట వినడానికి ఎవరికైనా బాగుంటుంది. చరిత్ర గ్రంథాల్లో ఉన్నది ఇంకో దృశ్యం. నా లెక్కన అది కూడా తక్కువ విజయం కాదు.

1709 జనవరిలో బహదూర్‌షా హైదరాబాద్ దగ్గర తమ్ముడు కామ్‌బక్ష్‌ను ఓడించాడు. బహిరంగ దర్బారు పెట్టాడు. పాపన్న 14 లక్షల రూపాయలు నజరానాగా సమర్పించాడు. చక్రవర్తి ఆయనకు గౌరవ వస్త్రం ఇచ్చాడు. అంటే సామ్రాజ్యం ఆయన్ను తన కింది సర్దారుగా అందరి ముందూ గుర్తించింది.

ఆ గుర్తింపు ఎక్కువ రోజులు నిలవలేదు. భార్యాబిడ్డలను పోగొట్టుకున్న వరంగల్ ఖాజీ, మరికొందరు పెద్దలు చక్రవర్తికి మొరపెట్టుకున్నారు. ఒక కల్లుగీత మనిషికి ఇంత మర్యాదా అన్న మంట కూడా ఆ ఫిర్యాదులో కలిసింది. ఖాజీ బాధ నిజమైనది. పక్కనే ఉన్న కులాహంకారమూ నిజమైనదే. రెండింటినీ విడివిడిగా చూడగలగాలి. చక్రవర్తి మనసు మార్చుకుని కొత్త సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు పాపన్నను అంతం చేయమని చెప్పాడు.

మందు అయిపోయింది

1709లో పాపన్న ఇంకో జమీందారు కోటను ముట్టడిస్తూ బయట ఉన్నాడు. షాపూర్ కోటలో ఖైదీలున్నారు. వాళ్లలో పాపన్న భార్య సోదరుడు, ఒక ఫౌజుదారు. అన్నం గిన్నెలో ఆకురాయి దాచి ఆమె తన సోదరుడికి అందించింది. సంకెళ్లు తెగాయి. ఖైదీలంతా కలిసి కోటను చేతుల్లోకి తీసుకున్నారు. పాపన్న పరుగున వచ్చేసరికి సొంత కోట మీది ఫిరంగులే ఆయన వైపు పేలాయి. అంత ఖర్చు పెట్టి కొన్న ఆయుధాలున్న కోట, లోపల చెరపట్టి ఉంచిన మనుషుల చేతుల్లోనే పోయింది.

పాపన్న తాటికొండ చేరాడు. యూసుఫ్ ఖాన్ ఐదారు వేల గుర్రపు బలంతో వచ్చి చుట్టుముట్టాడు. నెలలు గడిచాయి. అప్పుడు యూసుఫ్ ఖాన్ ఇంకో ఆయుధం తీశాడు. పాపన్నను వదిలి వచ్చిన ప్రతి సైనికుడికీ రెట్టింపు జీతం ఇస్తానన్నాడు. ఆకలితో ఉన్న మనుషులు ఒక్కొక్కరే దిగిపోయారు. లోపల తుపాకీ మందు నిండుకుంది.

తుపాకీ ఒక్కసారి కొంటే సరిపోతుంది. మందు రోజూ కావాలి. తుపాకీ మందులో నాలుగింట మూడు వంతులు సురేకారం, మిగతాది బొగ్గు, గంధకం. బొగ్గు అడవిలో దొరుకుతుంది. సురేకారం తయారీ, గంధకం రవాణా, సీసం వ్యాపారం అన్నీ బాటల మీద ఆధారపడినవి. బాటలు మూసుకుపోతే ఏడు వందల జంట తుపాకులూ ఏడు వందల కర్రలే. ఆ బాటల మీద నడిచే వర్తకులనూ బంజారాలనూ పాపన్న ఎన్నో ఏళ్లుగా దోచాడు. చివరి రోజుల్లో ఆయనకు సరుకు మోసుకొచ్చే దిక్కు లేకపోయింది.

1710లో పాపన్న వేషం మార్చి తాటికొండ నుంచి తప్పించుకున్నాడు. కాలికి తూటా గాయమైంది. హసనాబాద్‌లో ఒక కల్లు దుకాణం దగ్గర ఆగి కల్లు అడిగాడు. గీత మనిషే ఆయన్ను గుర్తుపట్టాడు. కబురు పోయింది. పట్టుకుని చంపారు. తలను చక్రవర్తి దగ్గరకు పంపారు. మొండేన్ని హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు. కింది కులంవాడు తల ఎత్తితే ఏమవుతుందో ఊరందరికీ చూపించడానికి ఎన్నుకున్న పద్ధతి అది. కారంచేడులో, చుండూరులో కూడా చంపినవాళ్ల ఉద్దేశం చావు ఒక్కటే కాదు, చూసినవాళ్ల భయం కూడా.

మనకు మిగిలింది

1980లో చరిత్రకారుడు జాన్ రిచర్డ్స్, మన వెల్చేరు నారాయణరావు కలిసి పాపన్న మీద వ్యాసం రాశారు. తర్వాత రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్ర మీద తన పుస్తకంలో ఒక అధ్యాయం పాపన్నకు ఇచ్చాడు. మొఘల్ రచయిత దొంగ అన్నాడు, జనం పాట వీరుడు అంది. ఈ రెండింటి మధ్య మనిషి కోసం వాళ్లు వెతికారు. ఆ వెతుకులాట బహుజన విద్యార్థులు కొనసాగించాలి.

పాపన్నను గౌడ కులానికి మాత్రమే అప్పగించడం ఒక నష్టం. ఆయన దళంలో అన్ని శ్రమ కులాలున్నాయి. అయితే బహుజన ఐక్యత మాట చెప్పేటప్పుడు, కల్లు మండువా దగ్గర కూడా దళితులను దూరంగా కూర్చోబెట్టిన ఊళ్ల చరిత్ర గుర్తుండాలి. పాపన్న కోటలో కుదిరిన కలయిక ఊళ్లో కుదరలేదు. బీసీలు పాపన్న జయంతి జరిపే రోజున ఈ ప్రశ్న కూడా వేదిక ఎక్కాలి.

కుల నిర్మూలనలో అంబేడ్కర్ ఒక ప్రశ్న వేసుకున్నాడు: ఇంత అన్యాయం జరుగుతున్నా ఈ దేశంలో కింది కులాలు ఎందుకు తిరగబడలేదు? ఆయన ఇచ్చిన జవాబు, వాళ్లకు ఆయుధం పట్టే హక్కు, చదువు, రాజకీయ బలం మూడూ దక్కకుండా చేశారని. నిరాయుధుడికి తిరుగుబాటు కుదరదు. 1818 జనవరి 1న కోరెగావ్‌లో కంపెనీ సైన్యంలోని మహార్ సిపాయిలు పేల్చింది కూడా నున్నని గొట్టం చెకుముకి తుపాకులే. 1927లో అంబేడ్కర్ ఆ స్తంభం దగ్గరకు వెళ్లింది కంపెనీని మెచ్చుకోవడానికి కాదు, అవకాశం ఇస్తే మనవాళ్లు నిలబడి పోరాడారన్న సాక్ష్యాన్ని చూపడానికి. తర్వాత తెల్లవాళ్లే మహార్‌ల భర్తీ ఆపేశారు. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేకుండా భారతీయుడు తుపాకీ పట్టకూడదన్నారు, తెల్లవాళ్లను మినహాయించారు. ఆయుధం ఎవరి చేతిలో ఉండాలన్నది ఎప్పుడూ పైనున్నవాళ్లే నిర్ణయించారు.

పాపన్న ఆ నిర్ణయాన్ని డబ్బుతో దాటాడు. కులం ఇవ్వని ఆయుధాన్ని సంతలో కొన్నాడు. అయితే అంబేడ్కర్ చెప్పిన మూడింటిలో ఒక్కదానితోనే సామ్రాజ్యానికి ఎదురెళ్లాడు. చదువు లేదు కాబట్టి తన కథ తాను రాసుకోలేదు, శత్రువు రాశాడు. రాజకీయ హక్కు లేదు కాబట్టి చక్రవర్తి ఒక రోజు ఇచ్చిన గౌరవ వస్త్రాన్ని ఇంకో రోజు లాక్కున్నాడు. ఇప్పుడు ఓటు ఉంది, రాజ్యాంగం ఉంది. లింగంపల్లి పక్కన క్యాంపస్‌లో మన పిల్లలు పరిశోధన దాకా వచ్చారు. అక్కడా వివక్ష వదల్లేదని 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణం దేశానికి చెప్పింది. అయినా ఆ క్యాంపస్‌లోంచే మన చరిత్ర మనం రాయగలిగే చేతులు వస్తున్నాయి.

తాటికొండలో ఓడిపోయింది తుపాకీ కాదు. తుపాకీ వెనక ఉండాల్సిన మందు, జీతం, నమ్మకం అయిపోయాయి. పోరాటానికి దిగేవాళ్లు ముందుగా కూడబెట్టాల్సింది వాటినే. బంజారా మీద, చెరలో ఉన్న స్త్రీ మీద, పక్కింటి దళితుడి మీద పెత్తనం చేస్తూ ఆ నమ్మకాన్ని కూడబెట్టడం ఎవరి తరమూ కాదు.